గోరు

పియానో ముట్టకముందే షారోను నా చెయ్యి తిప్పి చూసింది.
"గోర్లు తియ్యాలె పెద్దమ్మా, మెట్ల మీద టకటకమంటయి."
పదమూడేండ్ల పంతులమ్మ. నాకు యాభై నాలుగు.

గోరు తీస్తే బీడీ మూతి ఎట్ల మడవాలె?
అది అడగలే. నీలం పెన్నుతోని
వేళ్ల మీద నంబర్లు రాయించుకున్న.
బొటనవేలు ఒకటి, చిటికెన వేలు అయిదు.

డిచ్‌పల్లి చర్చి ఊడ్చినప్పుడల్లా
ఈ పియానో మూత తీసి తుడుస్తుంటి.
బట్ట కింద ఒక్కో మెట్టు ఉలిక్కిపడి మోగేది.
వానకాలం రెండు మెట్లు దిగితే లేవవు.
నా నాలుగో వేలు కన్నా అవే నయం,
మూడోది లేస్తేనే అది లేస్తది.
ముప్పయ్యేండ్లు ఆకు చుట్టిన చెయ్యి,
అయిదింటినీ ఒక్కతాన పని చేయించిన,
ఏ ఒక్కదాన్నీ విడిగ పిలిచింది లేదు.

ఒకటి, రెండు, మూడు,
ఇగ బొటనవేలు అరచేతి కిందికెల్లి దూరాలె.
మోచెయ్యి లేపొద్దు.
నేను లేపుతనే ఉన్న.
"మల్ల," అంటది షారోను, పల్లికాయలు నములుకుంట.

రాత్రి చాట ఒళ్లె పెట్టుకొని
తంబాకు పొయ్యకముందు, తునికాకు మీద,
ఒకటి రెండు మూడు, కిందికెల్లి ఒకటి.
చప్పుడు లేదు. కోడలు చూసి ఏమనలే.

శుక్రారం బొటనగోరు తీసిన.
శనివారం కార్ఖానల రెండు కట్టలు ఛాట్ పడ్డయి.
"చెయ్యి పడిపోయిందా ఏంది?" అన్నడు సేటు.

ఏం చెప్పాలె.
పొద్దుగాల నాలుగోది
ఒక్కతే లేసింది.