అరవై మూడో మొక్క

పేరు ఎండయ్య.
పని మంచులో.
మందస వెనక కొండెక్కితే, జీడితోటలు అయిపోయాక
గాలి ఒక్కసారిగా చొక్కాలో దూరే చోట
అతని చెక్క.
ఇంటిపేరు సవర. వయసు అడిగితే
"కొండ తగలడిన ఏడు పుట్టినాను" అంటాడు.
అది ఏ ఏడో రాయడానికి నా రిజిస్టర్లో గడి లేదు.

నెలకు రెండుసార్లు పలాస నుంచి వెళ్ళేదాన్ని,
సంచిలో స్కేలు, థర్మామీటరు, చీటీలు.
మా ఆఫీసు కోరిక చిన్నదే:
కొండ చలికి ముడుచుకోకుండా,
పొగమంచు మోసుకొచ్చే ఆకుమాడుకి లొంగకుండా
ఊరే బంగాళాదుంప ఒకటి.
సంతలోవన్నీ లారీ ఎక్కి వచ్చినవే.
తెచ్చి పుష్యంలో ఇక్కడ పాతితే
ఉడికిన తోటకూరలా వాలిపోతాయి.

దుంపకి పూతంటే బద్ధకం.
కింద కడుపు నిండుతుంటే పైన పూలెందుకు అనుకుంటుంది.
అందుకని ఇటుక మీద కూర్చోబెట్టాం.
వేళ్ళు దిగాక నీళ్ళు పోసి మట్టి కడిగేసి
పుట్టబోయే పిల్లదుంపల్ని
ఎప్పటికప్పుడు గిల్లి పారేశాం.
ఎండయ్య పెళ్ళాం సింగారి చూసి
"పాపం గాదా" అంది.
నేను పుస్తకంలో ఉన్నది చెప్పాను.
"పుస్తకానికి పిల్లలున్నారేటి?" అంది.

పగలు చాలదు దానికి. చలికాలపు సూర్యుడు
గుమస్తాలా ఐదుకే వెళ్ళిపోతాడు.
రాత్రి పదిదాకా సోలారు దీపం వేలాడదీశాం.
దీపం కింద మొక్కలు,
పక్కన గోనె పరుచుకుని ఎక్కాలు వల్లించే ముగ్గురు పిల్లలు.
పదమూడో ఎక్కం దగ్గర రోజూ తడబాటే.
ఆ పక్క వరసే ముందు మొగ్గ తొడిగిందని
రిజిస్టర్లో రాయలేదు గానీ, నిజం.

మొగ్గ విచ్చకముందే, తెల్లారగట్ల,
పట్టకారుతో పుప్పొడి తిత్తులు ఊడబెరకాలి.
నా వేళ్ళు చలికి వణికేవి.
జీడిపిక్కలు ఒలిచి మొద్దుబారిన అతని వేళ్ళు వణకవు.
వేరే మొక్క పొడిని గోటి మీద ఎత్తి
పసిబిడ్డకి కాటుక దిద్దినట్టు అద్దేవాడు.

కాయలు గోళీలంత, పచ్చగా.
"తినకండొరే, సచ్చిపోతారు" అని పిల్లల్ని కసిరి
పాతచీర పేలికలతో వాటికి సంచులు కట్టింది సింగారి.
ఒక్కో కాయలో వందకు పైగా గింజలు,
ఏ గింజా పక్కదాని పోలిక కాదు.
నూట పన్నెండు మొలిచాయి.

మరుసటి పుష్యం, తొమ్మిది రోజులు మంచు విడవలేదు.
పదో రోజు వెళ్ళేసరికి చెక్కంతా మసి.
కుళ్ళు వాసన.
ఎండయ్య గట్టు మీద కూర్చున్నాడు,
నోట్లో చుట్ట, వెలిగించడం మర్చిపోయి.
చీటీలు చదువుకుంటూ నడిచాను:
పోయింది, పోయింది, పోయింది.
అరవై మూడు దగ్గర మాత్రం
మూడు ఆకులు మచ్చలతోనే నిలబడి ఉన్నాయి,
నన్ను అంటుకుంటే అంటుకో అన్నట్టు.

తవ్వితే మూడు దుంపలు. వంకర. ఊదారంగు కళ్ళు.
తట్టలో పెట్టి, చీటీ కట్టి,
అటక మీద ఉంచమని చెప్పి వచ్చేశాను.

తర్వాతిసారి వెళ్తే రెండే ఉన్నాయి.
"సుట్టం వొచ్చినాడు. కూరకేటీ నేదు"
అంది సింగారి, తల వంచకుండానే.
ఎండయ్య నావైపు చూడలేదు.
ఏడాదిన్నర పని.
నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఆఫీసుకేం రాయాలి?
చాలాసేపటికి అడిగాను: ఎలా ఉంది?

ఆమె ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది,
పొయ్యిలో పుల్ల ముందుకు తోసి, మళ్ళీ వెనక్కి లాగి.
"సుట్టం ఉప్పు అడగనేదు."

ఎత్తు, బరువు, తెగులు శాతం, అన్నీ నింపాను.
రుచి అనే గడి ఎప్పుడూ ఖాళీగా వదిలేసేదాన్ని.
ఉప్పు అడగలేదు, అని రాశాను.

మిగిలిన రెండిట్లో ఒకటి
మొన్న ఇటుక ఎక్కింది.
రెండోది సింగారి ఎక్కడ దాచిందో నాకు చెప్పలేదు.
ఎండయ్యకీ చెప్పలేదట.