ఆటు వేళ

పొద్దున్నే చైన్ పట్టుకుని చూశాను.
వదులు. వేలు దూరేంత వదులు.
రేపు చూద్దాంలే అనుకున్నాను.
ఒంటరిగా తిరిగే మనిషి వాయిదా వేస్తే
అడిగేవాళ్లుండరు.

చిలోయే దీవిలో వాన చెప్పి రాదు.
హెల్మెట్ అద్దానికి చూపుడు వేలే వైపర్.
కంకర దారి చివర, చెక్కపెంకుల ఇళ్ల వెనక
బండిని కంచె పక్కన నిలబెట్టి
సీటు మీద ఎరువుల సంచి కప్పి
బౌదిలియో గారి పసుపుపచ్చ కయాక్‌లోకి
బిగుతు ప్యాంటులోకి దూరినట్టు దూరాను.

ఒడ్డున నిలబడి ఆయన ఒకే ఒక్క మాట అన్నాడు.
దోస్ అంటే రెండు. దోసే అంటే పన్నెండు.
ఆ చివరి అచ్చును గాలి ఎత్తుకుపోయింది.
రెండింటికల్లా కదా, బోలెడంత టైము,
అని తలూపాను.

తెడ్డు రెక్కలు రెండూ ఒకే వైపు చూడవు.
వేసినప్పుడల్లా కుడి మణికట్టు తిప్పాలి.
అదే మణికట్టు, అదే మెలిక,
పదకొండు రోజులుగా యాక్సిలరేటర్ తిప్పుతున్నది.
దానికి తేడా తెలియలేదు.
ఎడమ కాలికి మాత్రం తెలిసింది:
గేరు కోసం వెతికి వెతికి
కయాక్ గోడను రెండుసార్లు తన్నింది.

ఆల్చిప్పల తోటలు. నీటి మీద వరసలుగా నల్ల డ్రమ్ములు.
ఒక డ్రమ్ముకి చేరబడ్డ సీ లయన్
తలెత్తి నన్ను చూసి
కొనే బేరం కాదని కళ్లు మూసుకుంది.
ఇంజిన్ లేని నిశ్శబ్దంలో
నా ఊపిరి నాకే పెద్ద చప్పుడు.
పాట పాడదామనుకున్నాను, ఒక్కటీ గుర్తు రాలేదు.
గుర్తు రానందుకు సంతోషంగా కూడా ఉండింది.

తిరిగొచ్చేసరికి
సముద్రం ఇంట్లో లేదు.

పొద్దున తేలిన చోట అరమైలు బురద.
దూరంగా కంచె, కంచె పక్కన అగ్గిపుల్లంత నా బండి.
దిగితే మోకాలి దాకా దిగబడ్డాను.
ఎడమ చెప్పును దీవి ఉంచేసుకుంది.

బురదలో నాచు ఏరుతున్న ఆడవాళ్లు నడుములెత్తి చూశారు.
ఎర్మెలిందా నాహుయెల్కిన్ నవ్వింది,
నా మీద కాదు, నా గడియారం మీద.
"నీళ్లు వస్తాయి" అంది.
వాటిని తానే ఏదో పని మీద పంపినట్టు.
ఊరికే నిలబడితే చలేస్తుందని
చేతికొక గోనె సంచి ఇచ్చింది.

మూడు గంటలు ఏరాను.
ఎర్రగా, జారుగా, తడి తోలులా లూగా నాచు.
నా సంచిలోంచి ఆమె సగం తీసి పారేసింది,
ఏది ఎందుకు పనికిరాదో చెప్పకుండా.

నీళ్లు పిల్లి నడకన వచ్చాయి.
ముందు మడమ తడిసింది, తర్వాత కయాక్ కదిలింది.
నేను కూర్చోవలసిన చోట నాలుగు సంచులు కూర్చున్నాయి.
నేను తాడు పట్టుకుని ముందు నడిచాను.

ఆమె వంటింట్లో కట్టెల పొయ్యి.
పొయ్యి కడ్డీ మీద మేజోళ్ల పక్కన నా గ్లౌజులు.
వేడి వేడి బంగాళదుంప రొట్టె పెట్టి
నా ఊరేదని అడగలేదు, ఒంటరిగా ఎందుకని అడగలేదు.
కిటికీలోంచి బండి వైపు చూపించి
"దాని మీద ఎన్ని సంచులు పడతాయి?" అంది.

ఒకటి.
వర్తకుడి ఊరు తొమ్మిది కిలోమీటర్లు.
కట్టిన తాళ్లలోంచి ఉప్పునీళ్లు కారుతూ
నా వీపుకి ఆనుకుని చల్లటి బరువు.
పదకొండు రోజుల్లో మొదటిసారి
మలుపుల దగ్గర మెల్లగా నడిపాను,
వెనక ఎవరో భయపడతారన్నట్టు.

తూకం ముప్పై ఒక్క కిలో.
పేరడిగితే ఆమె పేరు చెప్పాను.
నా ఉచ్చారణకి నవ్వి చీటీలో సరిగ్గానే రాశాడు.

చీకట్లో వెనక్కొచ్చి, నోట్లో టార్చి పెట్టుకుని
చైన్ మీద వాననీళ్లు పోశాను, తుడిచాను, బిగించాను.
వేలు ఇప్పుడు దూరడం లేదు.
పడుకున్నాక కూడా
కుడి మణికట్టు తిరుగుతూనే ఉంది.
దారి మీదో, నీళ్ల మీదో
నేను దాన్ని అడగలేదు.