తడి పెయింటు

తెల్లవారుజాము నాలుగింటికి గీత వేస్తాం.
ట్రాఫిక్ లేచేలోపు రంగు ఆరాలి.
ముందు పసుపు, వెంటనే దాని మీద గాజు పూసలు,
ఉప్పు పలుకులంత సన్నవి,
రాత్రి హెడ్‌లైట్లకి మెరవడానికి.
ఇరవయ్యొక్క ఏళ్ళుగా ఇదే నా పని.
గీత ఎక్కడుండాలో నన్నెవరూ అడగలేదు.
పాతదాని మీదే కొత్తది.

టెక్సర్కానాలో ఈ రోడ్డుకి
పడమర టెక్సాస్, తూర్పున ఆర్కన్సా.
ఎండ ఒకటే. కుళాయి నీళ్ళూ ఒకటే.
పోస్టాఫీసు నడుం మీంచి పోతుంది సరిహద్దు.
ఊరు చూడ్డానికొచ్చినవాళ్ళు
ఒక పాదం ఇటు, ఒక పాదం అటు పెట్టి
ఫొటో దిగి నవ్వుతారు.
పాదాలు బాగుంటే అదొక సరదా.

వెర్లీన్ టూంబ్స్ టెక్సాస్ వైపు లాండ్రీలో
పరాయివాళ్ళ దుప్పట్లు మడతపెడుతుంది.
గంటకి ఏడుంపావు డాలర్లు.
ఎదురుగా, ఆర్కన్సా వైపు లాండ్రీలో
అదే సబ్బు, అదే మడత, గంటకి పదకొండు.
"రోడ్డు దాటొచ్చుగా" అన్నాను ఒకసారి.
"అక్కడ చేరినవాళ్ళు చచ్చినా కదలరు, ఆర్విల్" అంది.

ఆమెకి షుగరు.
అక్క రోజెట్టాకీ షుగరే.
ఒకే కడుపు, ఒకే వంటగది,
చిన్నప్పుడు ఒకే జగ్గులో తియ్యటి టీ.
ఈ కిటికీలోంచి చూస్తే ఆ వాకిలి బల్బు కనిపిస్తుంది.
రోజెట్టా దగ్గర కార్డుంది.
నెలనెలా డాక్టరు, సూదిమందు,
పాదాలు చూడ్డానికే ఒక నర్సు.
వెర్లీన్‌ని మాత్రం ఇటువైపు ఆఫీసులో
కౌంటరు వెనక మనిషి మర్యాదగానే అడిగాడు:
పిల్లలున్నారా? లేరు.
కడుపుతో ఉన్నారా? యాభయ్యేళ్ళకా?
వికలాంగులా?
"ఇంకా కాలేదు" అంది వెర్లీన్.

ఏప్రిల్‌లో కొత్త చెప్పు కరిచింది.
జూన్‌కి రెండు వేళ్ళు నల్లబడ్డాయి.
అక్క ఇన్సులిన్‌లో సగం
మార్జరిన్ డబ్బాలో, ఐసు ముక్కల మధ్య
చీకటిపడ్డాక రోడ్డు దాటేది.
నేను చూశాను. చూడలేదు.
సగంతో ఇద్దరికీ చాలలేదు.
ఎమర్జెన్సీ వాళ్ళు ఎవర్నీ కాదనరు,
కోసెయ్యాల్సినంత ముదిరాక.
ఎడమ పాదం. రెండు వేళ్ళు.
బిల్లు ఆమెకంటే ముందు ఇంటికి చేరింది.

ఆగస్టులో ఒక తెల్లవారుజామున,
నా మిషను ఇంకా వేడెక్కకముందే
టెక్సాస్ వైపు నుంచి గడగడమని చప్పుడు.
కిరాణా కొట్టు తోపుడు బండి.
అందులో ఫ్యాను, బట్టల సంచులు,
వాళ్ళమ్మ ఇస్త్రీపెట్టె, తలకిందులుగా కుర్చీ.
వెనక కుంటుకుంటూ వెర్లీన్.
రోజెట్టా ముందుగది ఖాళీ చేసిందట.
కరెంటు బిల్లు మీద చెల్లెలి పేరు ఎక్కించిందట.
ఆ కాగితం చూపిస్తే చాలట,
మనిషి ఆర్కన్సా మనిషైపోతుందట.

"తడి పెయింటు!" అని అరిచాను.
రూలు ప్రకారం అరవాలి.
ఆగింది. వంగి చూసింది.
"ఇంత సన్నదా?"
"నాలుగంగుళాలు" అన్నాను,
ఇంకేమనాలో తోచక.

కోన్ పక్కకి జరిపాను. అది రూలు కాదు.
చక్రాలు దాటాయి.
అవతలి తారు మీద వంకరటింకరగా పసుపు చారలు,
గాజు పూసలతో సహా,
రోజెట్టా మెట్ల దాకా పలచబడుతూ.
వాటిని చెరిపేశానని రిపోర్టులో రాశాను.
రాత్రిళ్ళు ఏ లారీయో అటు తిరిగితే
అవీ మెరుస్తున్నాయి.

కార్డు వచ్చింది. సెప్టెంబరు ఆరున
నర్సు మేజోళ్ళు విప్పించి
ఒక్కో వేలి సందూ టార్చి వేసి చూసిందట.
ఎనిమిదీ బాగున్నాయంది.