నాగా

గ్రిమ్స్‌బీలో గాలికి రెండే దారులు,
సముద్రం నుంచి, సముద్రంలోకి.
ఆ గాలిలో సోమవారం పొద్దున ఆరింటికి
రుతెండో తాళాలు పోస్టుడబ్బాలో పడేసి వెళ్ళిపోయింది.
మందుల బీరువాది ఒకటి, వెనక తలుపుది ఒకటి.
ఊదారంగు యూనిఫాం, ఉతికి మడతపెట్టినది,
ఒక గుండీ తక్కువ.
చీటీ లేదు.

నా పని జీతాలు వెయ్యడం.
హాల్‌గార్త్ కోటు విప్పకుండానే అన్నాడు,
"పద్నాలుగో క్లాజు తియ్యి."
వెతకక్కర్లేదు, టైపు చేసింది నేనే.
మూడేళ్ళు నిండకుండా మానేస్తే
నాలుగు వేల రెండు వందల పౌండ్లు.
పంతొమ్మిది నెలలు చేసింది.
పదిహేడు నెలలు బాకీ.

మనిషి నెలలు బాకీ పడటం నాకు కొత్త కాదు.
మా తాత చిట్టాలో ఒక మాట ఉండేది, నాగా.
ఉగాదికి కుదిరిన జీతగాడు
జ్వరమొచ్చి పడుకున్నా నాగా,
పెళ్ళాం పురిటికి పోయినా నాగా.
ఏడాది చివర గింజలు కొలిచేటప్పుడు
నాగాకి ఇంత అని కుంచం వెనక్కి తీసేవారు.
తీసివేతలు నేను నేర్చుకున్నది ఆ చిట్టా మీదే.
ఒక్కటీ తప్పు పోలేదు.
తాత మెచ్చుకుని బెల్లం ముక్క పెట్టేవాడు.

ఫోన్లో లాయరు, మిస్ ఓల్డ్‌రాయిడ్, జలుబు గొంతు:
"పని చెయ్యమని ఏ కోర్టూ మనిషిని ఈడ్చుకురాదు.
డబ్బంటారా, అది నష్టానికి తగ్గట్టుండాలి.
బెదిరించడానికి వేసిన అంకె నిలవదు.
మీకు నిజంగా పోయిందేమిటో రాసి పంపండి."

రాయడం మొదలుపెట్టాను.
మంచంలోంచి మనిషిని లేపే శిక్షణ, ఒకటిన్నర రోజు.
ఏజెన్సీ మనిషికి రెండు వారాలు ఎక్కువ ఇచ్చిన కూలి.
ప్రకటన ఖర్చు.
గుండీ.
ఎంత సాగదీసినా ఎనిమిది వందలు దాటలేదు.

ఏడో గదిలో ఆల్ఫ్ మూడు రోజులుగా జావ ముట్టలేదు.
చెంచా ఏ పక్కనుంచి పెట్టాలో ఆమెకే తెలుసు,
పక్షవాతం వదిలేసిన పక్కనుంచి,
తన ఊళ్ళో వానల సంగతి చెబుతూ.
దీన్ని ఏ పద్దు కింద రాయాలి అని అడిగితే
"అది నష్టం కాదు, అలవాటు" అన్నాడు హాల్‌గార్త్.

మధ్యాహ్నం జావ నేనే పట్టుకెళ్ళాను.
సగం నోటితో మాట్లాడే మనిషి,
చేపల ట్రాలర్ల మీద ముప్పై ఏళ్ళు.
సంగతి చెప్పాను. ఎందుకు చెప్పానో.
"మా ముత్తాతనాడు," అన్నాడు,
మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటూ,
"సంతకం పెట్టి పడవెక్కనన్న కుర్రాళ్ళని
జైల్లో వేసేవాళ్ళు. పద్నాలుగేళ్ళ పిల్లల్ని.
ఆయన్నీ వేశారు.
పొడి పక్క మీద పడుకోవడం
అదే మొదటిసారని చెప్పేవాడట."
నవ్వాడు. జావ గడ్డం మీదికి కారింది.
తుడవబోతే నా చెయ్యి పట్టుకున్నాడు.
"నేను తిండి మానేశానని మాత్రం
ఆ పిల్లకి రాయకు."

సాయంత్రం ఉత్తరం టైపు చేశాను.
నాలుగు వేల రెండు వందలు.
లాయరు కాదన్న అంకె, హాల్‌గార్త్ ఉంచమన్న అంకె.
"కోర్టు దాకా ఎవరు పోతారు? భయం చాలు."
నిజమే, చాలు.
నా కాగితం మీదా పద్నాలుగో క్లాజు ఉంది,
నాకు ఇంకా పదకొండు నెలలు.

ప్రింటరు వెచ్చగా ఉత్తరాన్ని చేతిలో పెట్టింది.
ఇక కవరు మీద అడ్రసు.
రుతెండో లీడ్స్‌లో ఏ వీధిలో ఉందో
ఈ భవనంలో నాకొక్కదానికే తెలుసు.
తెలియదు, అని రాశాను.

తాతా, రాసుకో.
ఇవాళ ఒక నాగా, నా పేరున.