వేలెడు మంట

కలిగిరి రోడ్డు మీద మా టిఫినంగడి పలక మీద
దోశ రేటు సుద్దతో రాస్తాం, పెయింటుతో కాదు.
ఇరవై చెరిపి ఇరవై అయిదు రాసిన పొద్దున
తాపీమేస్త్రి మాలకొండయ్య పలక వంక చూసి
రెండో దోశ వద్దన్నాడు.
చట్నీ మాత్రం రెండుసార్లు పోయించుకున్నాడు.

బండ తెచ్చే పిల్లాడు బిల్లు చేతికియ్యడు,
పిండిగిన్నె కింద పెట్టి పోతాడు.
సముద్రం అవతల ఎవరో ఎవరితోనో తగువు పడితే
ఇక్కడ నా పెనం చల్లారతాది.
ఆ తగువేందో నాకు తెలవదు,
వాళ్ళకు నా పెనం తెలవదు.

నెలాఖరుకు బండను పడుకోబెట్టేదాన్ని,
వేన్నీళ్ళ బేసిన్లో నిలబెట్టేదాన్ని,
జొరమొచ్చిన బిడ్డను ఊపినట్టు ఊపి
చెవి పెట్టి వినేదాన్ని.
ఇంకో ఆరు దోశలు రాలేవి. ఒక్కోసారి ఏడు.

గుంట తవ్వుదామని ముందన్నది మా ఆడబిడ్డ పెంచలమ్మ.
"పేడదిబ్బలో చెయ్యి పెట్టి చూడండే,
ఊరికే కాగతా ఉండాది" అంది.
పదమూడిళ్ళు చెయ్యెత్తినాయి.
మూడిళ్ళు ముక్కు మూసుకున్నాయి.
"ఎవురి పేడ ఎవురి పొయ్యిలోకొస్తాదో" అని
అరుగు మీంచి ఒక పెద్దాయన అడిగినాడు.
ఎవురూ బదులు చెప్పలా. తవ్వతానే ఉండారు.
కట్టింది మాలకొండయ్యే.
కూలి సగం డబ్బు, సగం దోశలు.

ఇరవయ్యో రోజు తెల్లారుజామున
అగ్గిపుల్ల గీసి మొకం పక్కకు తిప్పుకున్నా.
బుస్సుమని కూడా అనలా.
కంచె మీది శంఖుపువ్వు రంగులో
వేలెడు మంట.

అప్పుటి నుంచి మా ఊళ్ళో మంటను వేళ్ళతోనే కొలుస్తాం.
ఎండాకాలం వేలున్నర.
మంచు కురిసే నెలలో ముప్పాతిక;
చలికి గుంట కూడా ముడుచుకుంటాదంట.

కార్తీకంలో, ఇంకా చలి రాకముందే,
పదమూడు పొయ్యిల్లోనూ మంట ఒక్కసారే కుంగింది.
పైపు పగిలిందేమోనని వంగి తడుముకుంటా పోయినాం,
సబ్బునీళ్ళు పూసి బుడగ కోసం చూసినాం.
బుడగ లేదు.
హజరత్తయ్య కొట్టంలో
రెండు పలుపుతాళ్ళు ఊరికే వేలాడతా ఉండాయి.

మేత కొనలేక సంతకు తోలినాడంట
చీకట్లో, ఎవరికీ చెప్పకుండా.
ఇంటి ఇబ్బంది గోడ దాటకూడదనుకున్నాడు.
పదమూడు పొయ్యిలు చెప్పేసినాయి.

ఎవరూ ఏమీ అడగలా.
నేను మాత్రం ఆ రోజు నుంచి పులిసిపోయిన పిండి, గంజి,
బళ్ళో మధ్యాన్నం మిగిలిన సాంబారన్నం
బకెట్టుకెత్తి గుంటలో పోస్తుండా.
గేదెలంత పని చెయ్యదది. తెలుసు.
తలుపు మూల ఇప్పటికీ ఒక బండ ఉంది
రద్దీ రోజులకని.
దాని బిల్లు పిండిగిన్నె కిందికే వస్తా ఉండాది.

నిన్న అయిదింటికి వాల్వు తిప్పను పోతే
గుంట కాడ హజరత్తయ్య.
చేతిలో తట్ట,
తట్టలో రోడ్డున పోయే మందల వెనక ఏరిన పేడ.
నన్ను చూసి తట్ట వెనక్కి పెట్టుకున్నాడు
దొంగతనం చేసినట్టు.
"దారిలో పడుంటే..." అన్నాడు.

అంగడికొచ్చి టీ అడిగినాడు.
తాగి, పదిరూపాయల బిళ్ళ పలక కింద పెట్టినాడు.
తీసుకున్నా.
తీసుకోకపోతే రేపు తట్టతో రాడు.