మెడ విప్పి చూస్తే

గ్దీనియా రేవు పక్క ఆదివారం సంతలో కొన్నాడట.
పాత గొడుగులకీ, మూతలేని సమోవార్‌కీ మధ్య
గోడకి చేరబడి ఉందట.
కయెతాన్ దాన్ని నా బల్ల మీద పడుకోబెట్టి
తల మీద మెరిసే అమెరికా పేరుని వేలితో చూపించాడు.
రెండేళ్ళ పొదుపు ఆ నాలుగంగుళాల అక్షరాల్లో ఉంది.

"అసలుదేనా, లుద్వికా?"

వెంటనే చెప్పను. ముప్పై ఏళ్ళుగా నా పని ఇదే,
వెంటనే చెప్పకపోవడం.
గ్లాసులో టీ పోసుకున్నాను. తీగలు వదులు చేశాను.
బిగపట్టిన ఊపిరి వదిలినట్టు ఓ చిన్న చప్పుడు.

మొదట స్క్రూలు.
అమెరికాలో బిగించినవైతే అంగుళాల లెక్కలో ఉంటాయి,
నా పెట్టెలో వాటికి వేరే గడి.
ఇవి మిల్లీమీటర్ల సంతానం.
ఒక్క స్క్రూతో తీర్పు చెప్పకూడదు లెండి,
దారిలో ఎవరైనా మార్చి ఉండొచ్చు.

తర్వాత ఒళ్ళు.
మోచేయి ఆనే చోటంటూ రంగు పోగొట్టారు,
కానీ ఏ మోచెయ్యీ అక్కడ ఆనదు, నాలుగు వేళ్ళ కిందకి జరిగింది.
గరుకు కాగితం గీతలన్నీ ఒకటే దిక్కు.
మనిషి అరగదీస్తే వంకరగా అరగదీస్తాడు.

ఫ్రెట్లు మాత్రం నిజం.
మొదటి మూడూ గుంటలు పడ్డాయి,
పన్నెండు దాటాక అప్పుడే వచ్చిన పళ్ళలా ఉన్నాయి.
ఎవరో ఏళ్ళ తరబడి వెనకాల నిలబడి
ఇంకెవరి పాటనో మోశారు.
ముందుకొచ్చి వాయించే వంతు రాలేదో,
వచ్చినా వద్దన్నారో.

దీపం ఆర్పి ఊదారంగు లైటు వేశాను.
పాత వార్నిష్ ఒళ్ళంతా విరిగిన పాల రంగులో వెలిగింది.
తల మీద ఒక్కచోట చీకటి.
అక్కడ గీకారు. గీకి, కొత్త పూత పూసి,
పెద్ద పేరు అతికించారు.

పల్చటి కాగితం పరిచి పెన్సిల్‌ని అడ్డంగా రుద్దాను,
పిల్లలు నాణేన్ని కాగితం మీదికి రప్పించినట్టు.
ఓ తోక లేచింది, ఓ గుండ్రటి కడుపు, సగం అక్షరం.
అంతే.
మిగతా పేరు పొడి అయి ఎవరి చొక్కా మీదో పోయింది.

పైన పటారం, సరే. లోన లొటారమేనా?
మెడ విప్పాను.
మూడు చెక్కలు, అతుకు ఎక్కడో తెలియనంత ఓపికతో అతికించినవి.
మెడ కూర్చునే గుంటలో ఎర్ర పెన్సిల్‌తో ఒకే ఒక్క అక్షరం,
చుట్టూ సున్నా.

ఓడల్లో రేడియో చూసిన గెర్వాజీ పక్కింట్లోనే ఉంటాడు,
యొకొహామా, కోబె అతనికి మా వీధి సందుల్లా తెలుసు.
ఇంటి చెప్పులతోనే వచ్చాడు, చేపల ఊరగాయ వాసనతో.
కళ్ళద్దాలు నుదుటి మీదికి ఎత్తి చూశాడు.
"ఇది పేరు కాదు. తనిఖీ అయింది, అని."

కాసేపు ముగ్గురం మాట్లాడలేదు.
జపాన్‌లో ఏదో షెడ్డులో, షిఫ్టు చివర,
ఒకరు దీన్ని వెలుతురుకి ఎత్తి
ఒంటికన్నుతో మెడ పొడుగునా చూసి
బాగుంది అనుకున్నారు.
ఆ తర్వాత ఏ నావికుడి మంచం కిందో సముద్రాలు దాటింది.
దాని పేరు అన్నం పెట్టదని ఇక్కడెవరికో తోచింది.

ధర చెప్పాను, అతనిచ్చిన దాంట్లో ఐదో వంతు.
కయెతాన్ కిటికీలోంచి క్రేన్ల వైపు చూశాడు.
"నేను ఎవరికీ చెప్పకపోతే?"
"నేను రసీదు రాస్తాను. ఉన్నది ఉన్నట్టు."
తలుపు గట్టిగానే వేసుకుని వెళ్ళాడు.

మూడు వారాలు గోడకి వేలాడింది.
ఎవరూ లేనప్పుడు మీటేదాన్ని.
నాలుగో తీగలో ఓ బొంగురు,
జలుబు చేసిన పిల్లాడి గొంతులా. నచ్చింది నాకు.

వచ్చాడు, బూట్లకి మంచుతో.
టంకం డబ్బులు, తీగల డబ్బులు చిల్లరతో సహా లెక్కపెట్టాడు.
"ఆ అబద్ధం గీకేయనా?"
దాని తలని బొటనవేలితో తడిమాడు.
"వద్దు. ఇంకోసారి గీకితే చర్మం మిగలదు దానికి."

మెడ తిరిగి బిగించిన రోజున
ఎర్ర సున్నా పక్కన
నా పెన్సిల్‌తో తేదీ వేశాను.
అది మాత్రం అతనికి చెప్పలేదు.