నాలుగు చప్పుళ్ళు

మైల్స్ సిటీలో మంచు కరిగి రోడ్లన్నీ బురదయ్యే నెల.
వెర్లిన్ తాకట్టు కొట్లో వెనక బల్ల నాది.
వాచీలు బాగుచేస్తాను. చెవి మంచిదని
తుపాకులు చూడ్డానికీ నన్నే పిలుస్తాడు.

ఆమె దాన్ని పిండిసంచి గుడ్డలో చుట్టి తెచ్చింది.
యాభై దాటి ఉంటాయి. కోటుకి గొర్రెల వాసన.
రసీదులోకి పేరడిగితే చెప్పింది: నాడీన్ స్కెల్‌స్టాడ్.
ఇంకేం చెప్పలేదు.

ఈ కొట్టుకొచ్చే ప్రతి పాత రివాల్వరూ
ఎవరో ఒక షెరీఫ్ నడుముకి వేలాడిందే,
ఏదో ఒక దొంగని పడగొట్టిందే.
కథ పొడుగయ్యేకొద్దీ వెర్లిన్ ధర తగ్గిస్తాడు.
కథ లేకుండా వచ్చిన మొదటిది ఇదే.

ముందు ఖాళీయో కాదో చూడాలి.
పక్క తలుపు తీసి, ఆరు గదులూ
ఒక్కొక్కటే తిప్పి వేలితో తడిమాను.
ఖాళీ అని ఆమె ముందే అంది. నిజమే.
అయినా తడిమాను. ఈ ఒక్క విషయంలో
కన్నతల్లి చెప్పినా నమ్మకూడదు.

తర్వాత మరలు. తలల మీద గాట్లు చితికితే
ఎవడో వంటింటి చాకుతో విప్పాడన్నమాట.
చితకలేదు.
అక్షరాలు. మెరుపు కోసం అరగదీస్తే
పాత నాణెం మీద రాజుగారి ముక్కులా చదునైపోతాయి.
ఇవింకా గోటికి తగులుతున్నాయి.
నంబర్లు మూడు చోట్లా ఒకటే.
సిలిండర్ని ముందుకీ వెనక్కీ ఊపి చూశాను,
ఊగే పన్నులా కదిలితే సగం ధర పోయినట్టే.
కదల్లేదు.
గొట్టం చివర తెల్లకాగితం పెట్టి వెలుతురు చూశాను.
మెలితిరిగిన గాడులు నిన్న చెక్కినట్టున్నాయి.

"కాల్చింది తక్కువ," అన్నాను.
వెర్లిన్ చెవి వెనక నించి పెన్సిల్ తీశాడు.

కానీ సిలిండర్ చుట్టూ ఒక గీత.
నీలం చెరిగి, తెల్లగా, లోతుగా,
గానుగెద్దు నడిచిన బాటలా.
వేలసార్లు తిరిగితే గాని పడదు.
కాల్చని తుపాకి ఇంతగా ఎందుకు తిరిగింది?

మా వైపు పాతవాళ్ళు తుపాకి సుత్తిని గుర్రం అనేవాళ్ళు.
గుర్రాల సంతకి పేరుమోసిన ఈ ఊళ్ళో
ఆ మాట చెప్పి ఒకసారి వెర్లిన్ని నవ్వించాను.
ఇప్పుడా గుర్రాన్ని బొటనవేలితో వెనక్కి లాగాను,
మెల్లగా, చెవి దగ్గర పెట్టుకుని.
లోపల పళ్ళు అరక్కుండా ఉంటే
నాలుగు చప్పుళ్ళు విడివిడిగా వినపడాలి.
ఒకటి.
రెండు.
మూడు.

ఆమె రెండు చేతులూ గల్లాబల్ల మీద పరిచింది,
బడిలో బెత్తం దెబ్బకి చాచిన పిల్లలాగ.
నా చేతికేసి చూడ్డం లేదు. దేనికేసీ చూడ్డం లేదు.

నాలుగు.

"అదా నాలుగోది," అంది.
కాసేపయ్యాక,
"మా నాన్న మూడు దగ్గరే ఆపేవాడు.
గోడవతల పడుకుని లెక్కపెట్టేదాన్ని.
పొద్దున్నే లేచి గొర్రెలకి మేత వేసేవాడు."

కథ వింటే ధర తగ్గించే మనిషి
అప్పటికే రాసిన అంకె మీద
మళ్ళీ అదే అంకె దిద్దాడు. పదకొండు వందలు.
ఆమె నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుంది.
గుడ్డ మాత్రం మడిచి తీసుకెళ్ళింది,
ఉతికితే పనికొస్తుందని.

చీటీ నేనే రాశాను:
గొట్టం బాగుంది. బిగువు బాగుంది.
సిలిండర్ మీద గీత, అందుకు యాభై తగ్గింపు.

శనివారాలు కొనేవాళ్ళు వస్తారు.
తెలిసినవాళ్ళయితే ధర అడక్క ముందే
చప్పుళ్ళు వినిపించమంటారు, ఆగి ఆగి, ఒక్కొక్కటీ.
నేను ఒక్క ఊపున లాగేస్తాను.
తొందరేమిటని వెర్లిన్ అడగడు.
అది ఇంకా అమ్ముడుపోలేదు.